రెండు సూదులు, ఒకే మోకాలు

ఊడ్పులు అయిపోయాక కోనసీమ పల్లెల్లో నొప్పుల కాలం మొదలవుతుంది. రోజల్లా నడుం వంచి నాట్లేసిన ఆడకూలీలు, కొబ్బరి దింపుకెళ్ళి చెట్టు దిగి చెట్టెక్కినవాళ్ళు, నేలలో పాతిన గునపానికి కొబ్బరికాయ గుచ్చి పొద్దస్తమానం వలిచినవాళ్ళు, కువైట్‌లోనో ఖతర్‌లోనో ఏళ్ళ తరబడి ఇంటిపని చేసి రాజోలు తిరిగొచ్చినవాళ్ళు. వీళ్ళ మోకాళ్ళకీ నడుములకీ దగ్గర్లో ఉన్న దారులు రెండు. ఒకటి ఊళ్ళో ఆరెంపీ, అంటే డిగ్రీ లేకుండా ఇంగ్లీషు మందులిచ్చే పల్లె వైద్యుడు. రెండోది అమలాపురంలోనో కొత్తపేటలోనో మేడ మీది గదిలో కూర్చునే, లేదా వారానికోసారి అద్దె హాల్లో శిబిరం పెట్టే ఆక్యుపంక్చర్ చికిత్సకుడు.

ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూసే అలవాటు మనకి లేదు. పెద్ద డాక్టర్ల సంఘాలు ఇద్దర్నీ ఒకే గాటన కట్టేసి నకిలీ వైద్యులంటాయి. ఆక్యుపంక్చర్ వాళ్ళు తమని ఎంబీబీఎస్‌తో పోల్చుకుంటారు, ఆయుర్వేదంతో పోల్చుకుంటారు, ఆరెంపీతో మాత్రం పోల్చుకోరు. అది తమ స్థాయికి తక్కువని వాళ్ళ ఉద్దేశం. కానీ రోగి పోల్చి చూసేది ఈ ఇద్దర్నే. చేతిలో ఉన్న డబ్బు, మానుకోవాల్సిన కూలి, ఎక్కాల్సిన ఆటో అన్నీ లెక్కేసుకుని ఆవిడ ఎంచుకునేది ఆ సూదా ఈ సూదా అనే. కాబట్టి విమర్శకి కూడా సరైన పోలిక ఇదే.

ముందు ఆరెంపీ దగ్గర కూర్చుందాం. వరండాలో బల్ల, గోడకి ఆనించిన బండి, సంచీలో మందులు. "ఎన్నాళ్ళనుంచమ్మా?" అంటాడు. "ఆయ్, నాలుగు రోజులైందండి, మెట్టెక్కలేకపోతన్నానండి." ఆయనకి ఆవిడ ఇల్లు తెలుసు, భర్త తాగుడు తెలుసు, కిందటేడు కాన్పుకెళ్ళిన కూతురి సంగతి తెలుసు. డైక్లోఫెనాక్ ఒక సూది. నొప్పి మరీ ఎక్కువంటే అందులోకి డెక్సామెథాసోన్. మర్నాడు ఆవిడ పనికెళ్తుంది. ఆ మర్నాడే ఆయన గొప్పదనం, ఆయన ప్రమాదమూ. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. వాపుని గబుక్కున లాగేస్తుంది, షుగరు ఉన్నవాళ్ళకి షుగరు పెంచేస్తుంది. పదేపదే పడితే ఎముక పలచబడుతుంది, మొహం ఉబ్బుతుంది. డైక్లోఫెనాక్ ఏళ్ళ తరబడి వాడితే కడుపులో పుండ్లు, కిడ్నీల మీద దెబ్బ. రోగికి ఆ మందు పేరు తెలీదు. అందుకే నాలుగేళ్ళ తర్వాత పెద్దాసుపత్రిలో "ఏం మందులు వాడారు?" అని అడిగితే చెప్పలేదు. అడ్డగోలుగా వాడిన ఆ మందు ఏ కాగితం మీదా ఉండదు.

ఇక సూదుల గదికి వద్దాం. ఇక్కడ మంచం ఉంటుంది, ఫ్యాను ఆపేస్తారు, రోగిని పడుకోబెడతారు. మోకాటి చిప్పకి దిగువన రెండు పక్కలా వేలు ఆనే గుంటలుంటాయి, వాటిలో రెండు. చిప్ప దిగువ నుంచి రోగి సొంత నాలుగు వేళ్ళ వెడల్పు కిందికి కొలిచి, కాలి ముందెముక అంచు నుంచి ఒక వేలు బయటికి జరిగి ఇంకోటి. దీన్ని చైనావాళ్ళు జుసాన్లీ అంటారు, మన దగ్గర చికిత్సకులు స్టమక్ 36 అంటారు. సూది మందం సుమారు పావు మిల్లీమీటరు, లోపల గొట్టం ఉండదు, మందు ఉండదు. సూది లోపలికెళ్ళాక మెల్లగా తిప్పుతారు. "బరువుగా లాగుతోందా?" అని అడుగుతారు. లాగుతోందంటే అక్కడితో ఆపి, ఇరవై నిమిషాలో అరగంటో అలాగే వదిలేస్తారు. ఆ అరగంటా రోగి ఏమీ చెయ్యక్కర్లేదు. పొద్దున్న నాలుగింటికి లేచి రాత్రి పదింటిదాకా ఎవరి కోసమో నడిచే ఆడమనిషికి ఒక గదిలో అరగంట కళ్ళు మూసుకుని పడుకోవడం, పక్కన ఒకరు తన నొప్పి గురించే అడగడం ఎంత అపురూపమో సూదుల శాస్త్రం చెప్పదు గానీ, ఆ చికిత్సలో అది పెద్ద భాగమని నా నమ్మకం.

నమ్మకమే కాదు, దీనికి కొంత ఆధారం కూడా ఉంది. జర్మనీలో ఆరోగ్య బీమా సంస్థల డబ్బుతో మోకాలి అరుగుదల మీదా, నడుం నొప్పి మీదా పెద్ద పరీక్షలు జరిగాయి. మోకాలి ఫలితాలు 2006లో వచ్చాయి. వెయ్యి మందికి పైగా రోగుల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పుస్తకం చెప్పిన చోట సరైన సూదులు, రెండో గుంపుకి బిందువులు కాని చోట పైపైన గుచ్చిన ఉత్తుత్తి సూదులు, మూడో గుంపుకి మామూలు మందులూ వ్యాయామమూ. ఆర్నెల్ల తర్వాత చెప్పుకోదగ్గ మేలు కనిపించినవాళ్ళు మొదటి గుంపులో 53.1 శాతం, రెండో దాంట్లో 51.0 శాతం, మూడో దాంట్లో 29.1 శాతం. 2007లో వచ్చిన నడుం నొప్పి పరీక్షలోనూ ఇదే తీరు: 1,162 మంది రోగులు, వరసగా 47.6, 44.2, 27.4 శాతం.

ఈ అంకెల్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు చదువుకుంటారు. మొదటిదాన్నీ మూడోదాన్నీ చూపించి "మందుల కన్నా మేమే మెరుగు" అంటారు చికిత్సకులు. మొదటిదాన్నీ రెండోదాన్నీ చూపించి "ఎక్కడ గుచ్చినా ఒకటే, అంతా భ్రమ" అంటారు వ్యతిరేకులు. నేను మూడు అంకెల్నీ కలిపి చదవమంటాను. మేలు నిజం. బిందువు ఖచ్చితంగా ఎక్కడుందనే విద్య మీద ఆ మేలు ఆధారపడింది చాలా కొద్దిగా. తర్వాత 2018లో వచ్చిన ఒక విశ్లేషణ 39 పరీక్షల్లోని 20,827 మంది రోగుల వివరాలు కలిపి చూసి, సరైన సూదికీ ఉత్తుత్తి సూదికీ మధ్య తేడా ఉందని తేల్చింది. కాకపోతే అసలు సూదులే వేయించుకోని వాళ్ళతో పోల్చినప్పుడు కనిపించే తేడా కన్నా అది బాగా చిన్నది. ప్రభుత్వాలకే దీని మీద ఒక మాట లేదు. జర్మనీ 2007 నుంచి నడుం, మోకాలి నొప్పుల సూదులకి బీమా డబ్బు ఇస్తోంది. ఇంగ్లండులో ఏ చికిత్స ఇవ్వాలో సిఫార్సు చేసే నైస్ సంస్థ నడుం నొప్పికి 2009లో సరేనని, 2016లో వద్దంది. దీర్ఘకాలిక నొప్పికి 2021లో చూడొచ్చంది, కీళ్ళ అరుగుదలకి 2022లో వద్దంది. బెర్లిన్ మోకాలికి పనికొచ్చిన సూది లండన్ మోకాలికి పనికిరాదని కాదు. ఉత్తుత్తి సూదిని కొద్దిగానే దాటే చికిత్సకి ప్రజల డబ్బు పెట్టాలా వద్దా అన్నదే వాళ్ళ మధ్య తగువు.

మన దగ్గర ఆక్యుపంక్చర్ చికిత్సకుడి ముందున్న అసలు సమస్య ఇక్కడే ఉంది. తన చేతిలో ఉన్నది దీర్ఘకాలిక నొప్పికి పనికొచ్చే, పెద్దగా హాని లేని చికిత్స. బోర్డు మీద మాత్రం పక్షవాతం, సంతానలేమి, షుగరు, థైరాయిడ్, చెవుడు, కిడ్నీ రాళ్ళు అన్నీ ఉంటాయి. 1979లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బీజింగ్ సదస్సు తర్వాత బయటికొచ్చిన 43 జబ్బుల జాబితా ఇప్పటికీ గోడల మీద వేలాడుతోంది. అది ఆనాటి వైద్యుల అనుభవం మీద తయారైన జాబితా. పరీక్షలు చేసి తేల్చినది కాదు. ఆరెంపీ గొప్పలు చెప్పడు. "ఇది నా వల్ల కాదమ్మా, అమలాపురం తీసుకెళ్ళండి" అనడం ఆయన వృత్తిలో రోజూ జరిగే పని, ఎందుకంటే మనిషి తన వరండాలో చచ్చిపోతే రేపట్నుంచి ఆ ఊళ్ళో ఆయనకి బతుకు లేదు. సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు వెళ్ళిపోయాక, 2022 జులై వరదలో లంకలన్నీ నీళ్ళలో ఉన్నప్పుడు, గుండెనొప్పి వచ్చినవాడి పక్కన ఉండేది ఆయనే. తనకి తెలిసినదానికి హద్దు ఎక్కడో ఆయనకి ఊరు నేర్పింది. వారానికోసారి వచ్చి సాయంత్రం రాజమండ్రి వెళ్ళిపోయే సూదుల మనిషికి ఆ హద్దు నేర్పేవాళ్ళెవరు?

చట్టం నేర్పాలి. చట్టం దగ్గర ఈ ఇద్దరి పరిస్థితీ తలకిందులు. ఆరెంపీ చేసేది అల్లోపతీ, అది రిజిస్టరైన డాక్టరు పని. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఆయనకి ఏడాది దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడొచ్చు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో ఆరెంపీలకి శిక్షణనిచ్చి ధ్రువపత్రాలు ఇచ్చే ప్రయత్నం మొదలైంది, నిలబడలేదు. ఆక్యుపంక్చర్‌కి కాగితం ఉంది. 2003 నవంబరు 25న కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని ప్రత్యేక వైద్య విధానంగా ఒప్పుకోకుండా, తగిన శిక్షణ ఉన్నవాళ్ళు ఇవ్వదగ్గ చికిత్సగా ఒప్పుకుంది. గుర్తింపు పొందిన వైద్య విధానాల వాళ్ళే డాక్టరన్న మాట వాడాలని అదే ఉత్తర్వు చెప్పింది. 2019 ఫిబ్రవరి 21న ఇంకో ఉత్తర్వు దీన్ని స్వతంత్ర చికిత్సా విధానమని గుర్తించింది. ఆ రెండో కాగితానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తారు, మొదటి కాగితంలోని డాక్టరు మాట గురించి మాట్లాడరు.

గుర్తించడం ఒకటి, నడిపించడం ఒకటి. ఎవరు ఎన్నేళ్ళు చదవాలి, ఎక్కడ పరీక్ష రాయాలి, పేరు ఏ పుస్తకంలో ఉండాలి, తప్పు చేస్తే ఆ పేరు ఎవరు కొట్టేయాలి అన్నవి రాష్ట్రాలు చూసుకోవాలి. పశ్చిమ బెంగాల్ 1996లోనే చట్టం చేసింది. అక్కడ దీనికి చరిత్ర ఉంది. 1938లో కాంగ్రెస్ చైనాకి పంపిన అయిదుగురు డాక్టర్లలో ద్వారకానాథ్ కోట్నిస్ అక్కడే 1942లో కన్నుమూస్తే, బిజయ్ కుమార్ బసు తిరిగొచ్చాడు, 1958లో మళ్ళీ వెళ్ళి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. ఆయన మొదట డాక్టరు, తర్వాత సూదుల మనిషి అన్నది గమనించాలి. బెంగాల్ తర్వాత మహారాష్ట్ర చట్టం చేసింది. మన రాష్ట్రంలో అలాంటి చట్టం లేదు. అందుకే అమలాపురంలో ఒక గదిలో ఆయుర్వేద పట్టా ఉన్నాయన, పక్క గదిలో ఫిజియోథెరపిస్టు, ఆ పక్క గదిలో కొన్ని ఆదివారాలు శిబిరంలో నేర్చుకున్నాయన ఒకే సూది పట్టుకుని కూర్చోవచ్చు. రోగికి ముగ్గురూ ఒకటే. డాక్టర్లు కానివాళ్ళు ఆక్యుపంక్చర్ చెయ్యాలంటే 2,500 గంటల చదువు కావాలనీ, అందులో 1,000 గంటలు రోగుల దగ్గరే గడవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే రాసింది.

అన్ని గంటలు ఎందుకని అడిగేవాళ్ళకి భుజం చూపిస్తాను. దింపు కార్మికుడి భుజం నొప్పికి మెడకీ భుజం అంచుకీ మధ్య కండ మీద గుచ్చడం మామూలు. గాల్‌బ్లాడర్ 21 అనే ఆ బిందువు కింద, సన్నటి మనిషిలో వేలెడు లోతైనా లేకుండా, ఊపిరితిత్తి కొస ఉంటుంది. సూది నిటారుగా దిగితే ఊపిరితిత్తి పంక్చరవుతుంది. గదిలో ఏమీ తెలీదు. రోగి ఇంటికెళ్ళాక, ఒక్కోసారి మర్నాడు, ఛాతీ పట్టేస్తుంది. కండని వేళ్ళతో పైకి పట్టి, సూదిని ఏటవాలుగా పోనిచ్చేవాడికి ఆ సమస్య రాదు. షుగరుతో మొద్దుబారిన పాదంలో గుచ్చేటప్పుడూ, స్ట్రోకు వచ్చి రక్తం పలచబడే బిళ్ళలు వేసుకునేవాళ్ళకి లోతుగా పోయేటప్పుడూ, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి సూదులకి కరెంటు తగిలించేటప్పుడూ ఇలాంటి జాగ్రత్తలే ఉన్నాయి. పొద్దున్నే ఏమీ తినకుండా మొదటిసారి వచ్చినవాళ్ళు కళ్ళు తిరిగి పడతారు, కాబట్టి పడుకోబెట్టే గుచ్చాలి. తీసేటప్పుడు సూదులు లెక్కపెట్టాలి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో 34,407 చికిత్సలకి తీవ్రమైన హాని ఒక్కటీ నమోదు కాలేదు. మనవాళ్ళు ఈ అంకెని కరపత్రాల్లో వేసుకుంటే తప్పులేదు, కాని ఆ చికిత్సలు చేసినవాళ్ళంతా ఏళ్ళు చదివి, ఒక సంస్థలో నమోదై, దానికి జవాబుదారీగా ఉన్నవాళ్ళని కూడా పక్కన వెయ్యాలి.

ఈ రెండు సూదులూ చేసే పెద్ద కీడులు వేరువేరు దార్లలో వస్తాయి. 2018లో ఉత్తరప్రదేశ్‌లో ఉన్నావ్ జిల్లా బంగర్‌మవు ప్రాంతంలో 40 మందికి పైగా హెచ్ఐవి బయటపడింది. సైకిలు మీద తిరుగుతూ చవగ్గా సూదులేసే ఒకతను ఒకే సిరంజీ అందరికీ వాడాడన్న ఆరోపణ మీద అరెస్టయ్యాడు. ఇది చేసిన పని వల్ల వచ్చే కీడు. 2024 ఫిబ్రవరిలో తిరువనంతపురం దగ్గర నేమంలో ఆసుపత్రికి వెళ్ళకుండా ఇంట్లోనే కాన్పు చేయబోతే తల్లీ బిడ్డా చనిపోయారు. భర్తతో పాటు ఒక ఆక్యుపంక్చర్ చికిత్సకుణ్ణీ పోలీసులు అరెస్టు చేశారు. ఇది చెయ్యనివ్వని పని వల్ల వచ్చే కీడు. ఆక్యుపంక్చర్‌లో నాకు సూది కన్నా ఎక్కువ భయం ఈ రెండో రకమే. తమిళనాడు, కేరళల్లో ఒక ధోరణి బలపడింది: బిళ్ళలన్నీ విషం, స్కానులన్నీ దండగ, ఒక్క సూది చాలు అని. కోనసీమకి అది రాకుండా గోదావరి పాయలేమీ ఆపవు, యూట్యూబు ఉంది. షుగరు బిళ్ళ ఆపెయ్యమని ఆరెంపీ చెప్పడు. ఆయన తప్పు ఎక్కువ మందివ్వడం. "ఇంగ్లీషు మందులు మానేస్తేనే మా సూది పనిచేస్తుంది" అన్నవాడు మోకాలికి చేసిన మేలంతా కిడ్నీ దగ్గర పోగొడతాడు. ఆ మాట నోట రానివ్వనని ప్రతి చికిత్సకుడూ గోడ మీద రాసుకోవాలని నేను కోరతాను, ఫ్రేము కట్టిన ఉత్తర్వు పక్కనే.

వాడేసిన సూది ఎక్కడికి పోతుందన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2016 జీవ వైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు గుచ్చుకోని, కారని తెల్లటి, లోపలిది మసగ్గా కనిపించే డబ్బాలో వేసి, వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రానికి అప్పగించాలి. ఇది చిన్న క్లినిక్కులకీ వర్తిస్తుంది. ఆక్యుపంక్చర్ గదికి అనుమతి తీసుకునే దారి ఉంది, తీసుకోకపోతే నేరం వాళ్ళదే. ఆరెంపీకి ఆ దారే లేదు. వైద్యుడిగా ఉనికే లేని మనిషి తన సిరంజీల కోసం ఏ దరఖాస్తు పెడతాడు? అవి కాలవ గట్టున తేలతాయి, చెప్పుల్లేని కాళ్ళకి దొరుకుతాయి. ఈ ఒక్క విషయంలో ఆరెంపీని తప్పుపట్టేముందు ప్రభుత్వాన్ని తప్పుపడతాను.

శిక్షణ ఇస్తే మారతారా అన్నదానికి బెంగాల్ నుంచే ఒక సమాధానం ఉంది. బీర్‌భూమ్ జిల్లాలో డిగ్రీ లేని 304 మంది పల్లె వైద్యుల్ని తీసుకుని, సగం మందికి తొమ్మిది నెలలు పాఠాలు చెప్పి చూశారు. 2016లో సైన్స్ పత్రికలో ఫలితం వచ్చింది. నేర్చుకున్నవాళ్ళు జబ్బుని సరిగ్గా సంభాళించడం 14 శాతం మెరుగైంది. అనవసరమైన మందులివ్వడం మాత్రం తగ్గలేదు. చదువు వాళ్ళకి జబ్బు చూపించింది గానీ మందు అమ్ముకునే అవసరాన్ని తీసెయ్యలేదు. సరిగ్గా ఇక్కడే ఆక్యుపంక్చర్ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది: మందు లేకుండా, కేవలం సమయానికీ చేతిపనికీ డబ్బు తీసుకునే వైద్యం పల్లెలో బతకగలదని ఆ గదులు చూపిస్తున్నాయి. కూలి మనిషి కూడా ఇవ్వగలిగినంత తీసుకుంటున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఆరెంపీ దగ్గర ఏ రోజు సూదికి ఆ రోజు డబ్బులు, అదీ అప్పు పెట్టొచ్చు. సూదుల గదిలో పది సిట్టింగులో పదిహేనో కలిపి ముందే ప్యాకేజీ కట్టించుకునే పద్ధతి వచ్చేసింది. ముందే కట్టిన డబ్బు రోగి నోరు మూయిస్తుంది, చికిత్సకుడి కళ్ళు కూడా. మూడో వారానికీ తేడా లేదని ఇద్దరికీ తెలిసినా ఇద్దరూ అనరు.

అమెరికా ప్రభుత్వ బీమా 2020 జనవరి నుంచి దీర్ఘకాలిక నడుం నొప్పికి సూదుల డబ్బు ఇస్తోంది. 90 రోజుల్లో 12 సార్లు. మేలు కనిపిస్తే ఇంకో 8. కనిపించకపోతే ఆపెయ్యాలి. ఆక్యుపంక్చర్ మీద ఇన్నేళ్ళుగా వెలువడిన ఉత్తర్వులన్నింటికన్నా నాకు ఈ ఆపెయ్యాలన్న మాటే ఎక్కువ నచ్చింది. దానికి ఢిల్లీ నుంచి కాగితం రావక్కర్లేదు, కొత్తపేటలో ఒక చికిత్సకుడు రేపట్నుంచే మొదలెట్టొచ్చు. మొదటి రోజు ఒక నోటుబుక్కులో రోగి మాటల్లోనే రాయాలి: రేవు మెట్లు ఆగకుండా ఎక్కలేకపోతున్నాను, నేలమీద కూర్చుని లేవలేకపోతున్నాను, రాత్రి రెండుసార్లు లేస్తున్నాను. కింద ఆవిడ వాడే మందులన్నీ, ఆరెంపీ వేసిన సూది పేరు కూడా ఆయన్నే అడిగి రాయాలి. ఆరో సిట్టింగు నాడు ఆ పేజీ తీసి ఆవిడకే చదివి వినిపించాలి. మెట్లు ఎక్కగలుగుతుంటే కొనసాగించాలి. లేకపోతే మిగిలిన డబ్బు వెనక్కిచ్చి, ఎముకల డాక్టరుకి చీటీ రాసి, ఆ చీటీ నకలు ఊళ్ళో ఆరెంపీకి కూడా పంపాలి.